సబ్సిగె సొప్పు ఎలా వండుతారో అడగండి

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. భీమవరం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితురాలిగా 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా వారు పోయి మూడేళ్ళయింది. ఏడాదిన్నరగా బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గర అబ్బాయి వాళ్ళింట్లో ఉంటున్నాను. పదకొండో అంతస్తు. కోడలు మంచి పిల్ల. కానీ ఇద్దరూ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. సాయంత్రం మూడున్నరేళ్ళ మనవణ్ణి ఆడించడానికి కిందికి తీసుకెళ్తాను. అక్కడ రెండు బెంచీలున్నాయి. ఒకదాని మీద నా వయసు ఆడవాళ్ళు ఐదారుగురు కూర్చుని కన్నడంలో, హిందీలో కబుర్లు చెప్పుకుంటారు. రెండోదాని మీద నేనొక్కదాన్నే. వాళ్ళు నవ్వితే నవ్వుతాను, అంతే. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని నోరు పెగలదు. శ్రావణమాసం పేరంటాలకి నన్ను పిలుస్తారో లేదో, పిలిస్తే వెళ్ళాలో లేదో తెలియదు. రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఊరెళ్ళిపోదామంటే పిల్లాణ్ణి చూసేవాళ్ళు లేరు. ఈ వయసులో కొత్తవాళ్ళతో కలవడం సాధ్యమేనా? మొదటి మాట ఏమని మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

అక్కగారూ,

మీకంటే నాలుగేళ్ళు చిన్నదాన్ని, అందుకే అలా పిలుస్తున్నాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి "తప్పు మాట్లాడితే నవ్వుతారేమో" అన్నచోట ఆగిపోయాను. వయసు, భాష, ఊరు అన్నీ రాశారు గాని, నన్నడిగితే మీ కష్టమంతా ఆ ఒక్క మాటలో ఉంది. 34 ఏళ్ళు ఎర్ర సిరాతో పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి మీది. దీర్ఘం తప్పితే వినలేని చెవి మీది. అలాంటి మీరు ఈ వయసులో ఐదుగురు ఎదుట కూర్చుని పసిపిల్లలా తడబడాలంటే ప్రాణం ఒప్పుకోదు. ఆ బెరుకు మీకు పిరికితనంగా కనిపిస్తున్నట్టుంది. నాకు మాత్రం మాటంటే జీవితమంతా మీరు చూపించిన గౌరవం కనిపిస్తోంది. కాకపోతే ఆ గౌరవమే ఇప్పుడు మిమ్మల్ని రెండో బెంచీ మీద కట్టేసి కూర్చోబెట్టింది.

నా సంగతి ఒకటి చెప్తాను. 1996లో పెళ్ళయి గుంటూరు నుంచి జయనగర్ వచ్చాను. మేడ మీద ఇంటివాళ్ళు ఉండేవారు, కింద మేము. ఇంటావిడకు అప్పటికే అరవై దాటాయి. రోజూ పొద్దున్న నేను నీళ్ళు పట్టుకుంటుంటే మెట్ల మీంచి వంగి "తిండి ఆయ్తా?" అని అడిగేవారు. మా వైపు ఆ మాట ఎలా వాడతామో మీకు చెప్పక్కర్లేదు. తిండి దండగ, తిండిపోతు, తిండికి తిమ్మరాజు. కొత్త కోడల్ని, పరాయి ఊరు. ఈవిడ రోజూ నా తిండి గురించి ఎందుకు ఎత్తిపొడుస్తోందని మనసు చివుక్కుమనేది. జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు మావారి ఆఫీసులో పనిచేసే కన్నడాయన భోజనానికి వచ్చి, మాటల్లో చెప్పారు. కన్నడంలో తిండి అంటే పొద్దుటి టిఫిను, ఊట అంటే భోజనం. "తిండి ఆయ్తా, ఊట ఆయ్తా" అన్నవి ఈ ఊళ్ళో పలకరింపులు. మనం "భోంచేశారా" అనడం లాంటిదే.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ పెద్దావిడ మూడు వారాలు నన్ను ఆప్యాయంగా పలకరిస్తే, నేను తలుపు మొహాన వేశాను. మర్నాడు మేడెక్కి, వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ చేతి సైగలూ కలిపి, నేనేమనుకున్నానో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను రెండోసారి తప్పు మాట్లాడినందుకు కూడా నవ్వారు. ఆ నవ్వుకు భయపడే కదా నేను మూడు వారాలు తలుపేసుకుంది! అది చల్లగా ఉంది అక్కా. "మరి మీరేమంటారు?" అని అడిగారు. ఫలహారం అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నాకు రోజుకో మాట ఇచ్చేవారు, నేనొకటి ఇచ్చేదాన్ని. రెండేళ్ళ తర్వాత మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మకు ఒంట్లో బాగోక రాలేకపోతే, పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలభై రోజులు నీళ్ళు పోసింది ఆవిడే.

మీకు చెప్పాలనుకున్నదంతా ఆ మెట్ల మీదే నేర్చుకున్నాను. నేను కన్నడం బాగా నేర్చుకుని, తయారై, అప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉంటే మా ఇద్దరి మధ్యా మర్యాద ఉండేదేమో, చనువు మాత్రం ఉండేది కాదు. నాకు రానిదాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. దాంతో ఆవిడకు నాతో ఒక పని పడింది. మీకు కన్నడం రాకపోవడం గోడ అనుకుంటున్నారు గాని, ఆ అపార్టుమెంటులో మీకున్న తలుపు అదొక్కటే.

గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి మీరు ఎన్ని ఆగస్టు 29లకు పిల్లల చేత మాట్లాడించి ఉంటారో! వాడుక భాష ఉద్యమం గురించి అందరం చెప్తాం. నాకు ఆయన జీవితంలో అంతకంటే ఇష్టమైన భాగం ఇంకొకటుంది. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిన మనిషి, చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మాట తనకు తెలియదే అని కుదురుగా ఉండలేకపోయారు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఆయన దగ్గర శిష్యుడిలా కూర్చుని నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైను వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అంతటి పండితుడు, లిపి కూడా లేని ఒక భాష ముందు ఎన్ని వందల సార్లు తప్పు పలికి దిద్దించుకుని ఉంటారో ఆలోచించండి. పంతుళ్ళు శిష్యులు కావడం మన వృత్తికి చిన్నతనం కాదని మీకు నేను చెప్పాలా?

పైగా మీరు నేర్చుకోబోయేది సవరంత దూరపు భాష కూడా కాదు. మీ ఆటస్థలం గేటు మీద కన్నడ బోర్డు ఉంటే ఒకసారి నిదానంగా చూడండి. మన లిపీ వాళ్ళ లిపీ ఒక తల్లి పిల్లలు. మన తలకట్టు ఉన్నచోట వాళ్ళకు అడ్డగీత లాంటిది ఉంటుంది. ఆ తేడాకి కన్ను అలవాటు పడితే వారం పది రోజుల్లో బస్సు బోర్డులు చదివేస్తారు. ఇంకొకటి, మీరు వ్యాకరణం చెప్పినవాళ్ళు కాబట్టి మీకు తప్పక నచ్చుతుంది. పాత కన్నడంలో మాట మొదట్లో 'ప' ఉన్నచోట చాలావాటికి ఇప్పుడు 'హ' వచ్చింది. మన పాలు వాళ్ళకు హాలు. పాము హావు. పులి హులి. పంది హంది. పొగ హొగె. పల్లె హళ్ళి. మీ దారిలో వచ్చే మారతహళ్ళి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ పేర్ల చివర 'హళ్ళి' అంతా మన పల్లే. ఈ ఒక్క సూత్రం పట్టుకుని సాయంత్రం వాళ్ళ కబుర్లు వినండి. ఇన్నాళ్ళూ మోతగా వినిపించిన దాంట్లోంచి చుట్టాల్లాంటి మాటలు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

అయినా నేరుగా ఐదారుగురు కూర్చున్న బెంచీ మీదికి వెళ్ళమని చెప్పను. అది ఎవరికైనా కష్టమే. ఒక్క మనిషితో మొదలుపెట్టండి. మీ గేటు బయట ఆకుకూరలు అమ్మే మనిషి ఉంటుంది. లేదా కూరల బండి వస్తుంది. కూరలు ఫోన్లో ఆర్డరిచ్చి తెప్పించుకునే ఇల్లయితే, ఆకుకూర ఒక్కటి నేను తెస్తానని కోడలికి చెప్పండి. ఇక్కడ ఆకుకూరని సొప్పు అంటారు. మెంతికూర మెంతె సొప్పు, కొత్తిమీర కొత్తంబరి సొప్పు. వాటి పక్కనే సన్నటి దారాల్లాంటి ఆకు, సోంపు వాసనతో, కట్టలు కట్టి ఉంటుంది. దాన్ని సబ్సిగె సొప్పు అంటారు. గోదావరి వైపు వంటిళ్ళలో దాని వాడకం పెద్దగా లేదు, మీరు వండి ఉండరు. ఒక కట్ట చేతిలోకి తీసుకుని "ఇదన్న హేగె మాడోదు?" అని అడగండి. దీన్నెలా చేస్తారు అని. ఆవిడ చెప్పేదాంట్లో మొదటిరోజు సగం అర్థం కాకపోవచ్చు. బేళె అంటే పప్పు, అక్కి రొట్టి అంటే బియ్యప్పిండి రొట్టె. ఆ రెండు మాటలూ వినపడితే చాలు. ఆ ఆకుని కందిపప్పులో వేస్తారు, రొట్టె పిండిలో కలుపుతారు. వండండి. మర్నాడు వెళ్ళి బాగుందని చెప్పండి. "చెన్నాగిత్తు." మూడోరోజు ఆవిడే మిమ్మల్ని ముందు పిలుస్తుంది.

అడిగినదాన్ని చేసి, మళ్ళీ వెళ్ళి చెప్పడం దగ్గర చాలామంది ఆగిపోతారు. అడగడంతో పరిచయమే అవుతుంది. మీ మాట విని చేశాను, ఇలా వచ్చింది అని చెప్పినప్పుడు ఆ పరిచయానికి రేపు అనేది ఒకటి ఏర్పడుతుంది.

ఇక బెంచీ. మన ఊళ్ళలో ఆడవాళ్ళకి స్నేహాలు ఎలా కుదిరాయో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఎవరూ ఎవరినీ పరిచయం చేసుకోలేదు. అరుగు మీద చింతపండు గింజ తీస్తూ, బియ్యంలో మెరికలు ఏరుతూ, అప్పడాల పిండి దంచుతూ కూర్చున్నాం. కళ్ళు పని మీద ఉంటాయి, చేతులు ఆడుతుంటాయి, మాట వస్తే వస్తుంది లేకపోతే లేదు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకపోయినా అది ఇబ్బందిగా ఉండేది కాదు. ఈ అపార్టుమెంటు బెంచీకి వచ్చిన లోటు అదే. చేతులు ఖాళీ. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు మౌనం బరువెక్కిపోతుంది, ఏదో ఒకటి మాట్లాడి తీరాలనిపిస్తుంది. భాష రానివాళ్ళకి అది మరీ నరకం. అందుకని పని తీసుకెళ్ళండి. సాయంత్రం పిల్లాడితోపాటు ఆ సబ్సిగె సొప్పు కట్టా ఒక పాత పేపరూ సంచీలో వేసుకుని కిందికి దిగండి. వాళ్ళ బెంచీ మీద ఒక చివర కూర్చుని ఆకు తుంపుకోండి. మీ చేతిలో ఏముందో చూడకుండా ఉండలేరు ఆడవాళ్ళు. చూస్తారు, అడుగుతారు, ఒకరు రొట్టె అంటారు, ఇంకొకరు పప్పంటారు. వాళ్ళలో వాళ్ళు కాసేపు వాదించుకుంటారు. మీరు అందులో ఉన్నట్టే.

చలికాలం వస్తే ఇంకా మంచి అవకాశం. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరంతా అవరెకాయి వాసన. రాయలసీమ వైపు అనపకాయలంటారు, చిక్కుడు జాతివి, మీ వైపు ఆనపకాయ (సొరకాయ) కాదు. గింజలు వలిచి, రాత్రి నానబెట్టి, మర్నాడు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి పైతోలు తీస్తారు. హితికిద బేళె అంటారు దాన్ని. చిత్తూరు వైపు మనవాళ్ళు పితికిపప్పు అంటారు. చూశారా, మళ్ళీ ప, హ! కిలో కాయలు వలవడం ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఎక్కడ నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నా మధ్యలో ఒక పళ్ళెం ఉంటుంది. మీ బెంచీ మీద అది కనిపించిన రోజు ఏమీ అడక్కండి. వెళ్ళి కూర్చుని ఒక గుప్పెడు తీసుకుని వలవడం మొదలుపెట్టండి.

దూరం నుంచి చూస్తే ఆ ఐదారుగురూ పుట్టినప్పటినుంచీ కలిసున్న జట్టులా కనిపిస్తారు. హిందీ, కన్నడం కలిపి మాట్లాడుకుంటున్నారని మీరే రాశారు. అంటే వాళ్ళలోనే ఒకరి భాష ఒకరికి పూర్తిగా రాదన్నమాట. ఒకావిడ హుబ్బళ్ళి నుంచి కూతురి కోసం వచ్చి ఉండవచ్చు, ఒకావిడ నాగపూరు నుంచో కటకం నుంచో వచ్చి ఉండవచ్చు. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల అపార్టుమెంట్ల కింద కూర్చునే అమ్మమ్మలు, నానమ్మల్లో చాలామందిని ఆ ఊరికి తెచ్చింది ఒక పసిపిల్లాడే. ఎవరో ఒకరు, ఏదో ఒక రోజు, ఆ రెండో బెంచీ మీంచి లేచినవాళ్ళే.

వాళ్ళు ఏమనుకుంటారో అన్న బెంగ గురించి కూడా చెప్పాలి. మొదటిసారి మాట్లాడి ఇంటికొచ్చాక ఆ రాత్రి మంచం మీద మీరన్న ప్రతి ముక్కా మళ్ళీ తిరగేస్తారు. అలా అని ఉండకూడదు, ఆవిడ మొహం అదోలా పెట్టింది అనుకుంటారు. ఎరికా బూత్‌బీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి 2018లో సరిగ్గా ఈ విషయం మీదే పరిశోధన ప్రచురించారు. కొత్తవాళ్ళని జంటలుగా మాట్లాడించి, ఎదుటివాళ్ళు మీకెంత నచ్చారు, మీరు వాళ్ళకెంత నచ్చి ఉంటారు అని విడివిడిగా అడిగారు. తాము అనుకున్నదానికంటే తాము ఎదుటివాళ్ళకి ఎక్కువ నచ్చినట్టు తేలింది. ఇద్దరూ ఎవరికివారు తమ తడబాట్లు లెక్కపెట్టుకుంటూ ఇంటికెళ్ళారు. కాబట్టి ఆ రాత్రి మీ మనసు రాసే మార్కుల షీటుని నమ్మకండి.

ఇంకో పరిశోధన మీ "సాధ్యమేనా" అన్న ప్రశ్నకు దగ్గరగా ఉంది. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు, కొత్త ఊళ్ళకు మారినవాళ్ళు అక్కడ స్నేహాలు కుదుర్చుకోవడానికి ఎన్ని గంటలు కలిసి గడిపారో లెక్క తీశారు. మామూలు పరిచయం పైపై స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు పట్టింది. ప్రాణస్నేహానికి 200 గంటలు దాటింది. మీరు రోజూ 40 నిమిషాలు ఆ బెంచీ మీద కూర్చుంటే 50 గంటలు నిండటానికి 75 రోజులు. ఏడాదిన్నరగా మీరు పిల్లాడి కోసం కిందికి దిగుతూనే ఉన్నారు. గంటలకేమీ కొదవలేదు, అవి పక్క బెంచీ మీద ఖర్చయిపోయాయి. రెండు వారాల్లో ఏమీ జరగలేదని మానేయకండి. వానొచ్చి కొన్నాళ్ళు, పిల్లాడికి జలుబు చేసి కొన్నాళ్ళు ఆగిపోతుంది. ఒకావిడ బాగా దగ్గరయ్యేసరికి ఆరు నెలలకి ఇంకో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతుంది. ఒకరిద్దరు ఎంత పలకరించినా ముక్తసరిగానే ఉంటారు. వాళ్ళని వదిలేయండి. ఐదుగురిలో ఒక్కరు చాలు.

పేరంటాల సంగతి రాయడానికి మీకు ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు. ఇక్కడ వరమహాలక్ష్మి హబ్బ మన వరలక్ష్మీ వ్రతమే. అరిశిన కుంకుమ అంటూ ముత్తైదువలని పిలుస్తారు. భర్త పోయినవాళ్ళని పిలవని ఇళ్ళు ఉన్నాయి, ఇప్పుడు అందరినీ పిలుస్తున్న ఇళ్ళూ ఉన్నాయి. మీ అపార్టుమెంటులో ఎలా ఉంటుందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. నా మటుకు నాకు, ఒక మనిషి గడపలోకి రావడానికి ఆమె భర్త బతికుండాలనడం అన్యాయం, మా ఇంట్లో ఆ లెక్క ఎప్పుడో తీసేశాం. పిలిస్తే, మీ మనసు ఒప్పితే, తలెత్తుకుని వెళ్ళండి. పిలవకపోతే ఆ బాధ ఉంటుంది, లేదనను. కానీ మీ స్నేహాలని ఆ పిలుపు మీద ఆధారపెట్టకండి. ముందు మీరే పిలవండి. సంక్రాంతికి ఇక్కడివాళ్ళు నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశెనగపప్పు, పుట్నాలు కలిపి ఎళ్ళు బెల్ల అని ఇంటింటికీ పంచుతారు. "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి" అంటారు, నువ్వులు బెల్లం తిని మంచి మాటలాడండని. మీరు ఆ రోజు అరిసెలు చేసి ఆ బెంచీకి పట్టుకెళ్ళండి. ఎదురు ఎళ్ళు బెల్ల రాకుండా ఉండదు. పసుపుకుంకాల ప్రసక్తి లేని ఇచ్చిపుచ్చుకోడం అది.

ఈ ఉత్తరం చదివినవాళ్ళు కొందరు మీకు ఒక సలహా ఇస్తారు. తెలుగు టీచరు కదా, అపార్టుమెంటులో తెలుగు పిల్లలకి చదవడం రాయడం నేర్పండి, అదే కాలక్షేపం అని. మంచి పనే, ఎప్పటికైనా చేయండి. ఇప్పుడే వద్దంటాను. మళ్ళీ కుర్చీలో కూర్చుని మీరు చెప్పడం, ఎదుటివాళ్ళు వినడం అవుతుంది. అది మీకు బాగా అలవాటైన చోటు. అక్కడికి వెళ్ళిపోతే బెంచీ మీదికి రారు. ఆరు నెలలు విద్యార్థిగా ఉండండి, తర్వాత పలక పట్టుకోండి. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. ఏదైనా సభ ఉన్నప్పుడు అబ్బాయితో వెళ్ళి నాలుగు పద్యాలు విని రండి, ప్రాణం లేచొస్తుంది. కానీ వైట్‌ఫీల్డ్ నుంచి అది ఎప్పుడో ఒకసారి వెళ్ళగల దూరం. మీకు కావలసింది రోజూ సాయంత్రం ఐదింటికి దొరికే మనుషులు.

ఇంట్లో ఒక మాట అడగండి. ఆదివారం పొద్దున్న మూడు గంటలు పిల్లాడి బాధ్యత అబ్బాయిది, కోడలిది. ఆ మూడు గంటలూ మీవి. వైట్‌ఫీల్డ్ నుంచి ఊదారంగు లైను మెట్రో మారే పని లేకుండా కబ్బన్ పార్కు స్టేషనుకి తీసుకెళ్తుంది. ఒకసారి అబ్బాయిని తోడు తీసుకోండి, రెండోసారి ఒక్కరే వెళ్ళండి. టోకెను మీరే అడిగి కొనుక్కోండి. అక్కడి చెట్ల కింద ఒక గంట కూర్చుని రండి. ఎవరితోనూ మాట్లాడకపోయినా పరవాలేదు. కొడుకు, కోడలు, మనవడు తప్ప ఈ ఊళ్ళో మీకంటూ ఒక దారి తెలిసిందన్న ధైర్యం బెంచీ దగ్గర పనికొస్తుంది. కోడలు రాత్రి వచ్చాక మాట్లాడలేదని నొచ్చుకునే రోజులు కూడా తగ్గుతాయి, మీ దగ్గర ఆమెకి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి.

నిద్ర పట్టడం లేదన్నారు. ఆ ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయారు, నేను వెళ్ళలేను. మూడేళ్ళ కిందటి దుఃఖం కొత్త ఊళ్ళో, మాట్లాడే మనిషి లేనిచోట, మళ్ళీ పచ్చిగా అవుతుంది. నిద్రతోపాటు ఆకలీ తగ్గితే, పొద్దున్నే లేవబుద్ధి కాకపోతే, బతకడం మీద విసుగనిపిస్తే, అది బెంచీతో తీరేది కాదు. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416. ఏ వేళలోనైనా చేయవచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. హోసూరు రోడ్డు మీద నిమ్‌హాన్స్ ఉంది, దేశంలోనే పేరున్న మానసిక వైద్య సంస్థ. అక్కడికి వెళ్ళడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ సంగతి అబ్బాయికి దాచకుండా చెప్పండి. వారంలోపు చెప్పండి.

ఇక మీ చివరి ప్రశ్న, మొదటి మాట. మనవడు ఈపాటికి ఆటల్లో మీకంటే ఎక్కువ కన్నడం పట్టేసి ఉంటాడు, వాడి దగ్గర రెండుసార్లు అప్పజెప్పుకోండి. "ఇల్లి కూత్కోబహుదా?" ఇక్కడ కూర్చోవచ్చా అని. పలకడం కాస్త అటూ ఇటూ అయినా ఏం పరవాలేదు, మీ చేతిలో ఆకుకూర కట్ట ఉంటుంది కదా. చివర కూర్చున్నావిడ పక్కకు జరిగి ఏమంటారో కూడా చెప్తాను, కొత్త మాటకి కంగారు పడకుండా. "బన్ని, కూత్కొళ్ళి" అంటారు. బన్ని అంటే రండి.